వేగం పెంచాలంటే... ఓపిక కావాలి!

చెరకు గానుగకి తొందర ఉండదు. చక్కెర మిల్లులో టన్నుల బరువుండే రోలర్లు నిమిషానికి నాలుగైదు చుట్లు తిరిగితే గొప్ప. అయినా సరే, గడ ఒక్కసారి వాటి మధ్య చిక్కిందంటే పిప్పై బయటికి రావాల్సిందే. అక్కడ ఉన్నది వేగం కాదు, బలం. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం చక్కెర కర్మాగారం ఆ బలంతోనే చుట్టుపక్కల పల్లెలను తన చుట్టూ తిప్పుకుంది. మంజీర మీద నిజాంసాగర్, ఆ నీళ్లకు చెరకు, చెరకుకు ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీకి ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు... అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 2015 డిసెంబరులో ఆ గానుగ ఆగింది. దాన్ని నమ్ముకుని నేర్చిన పని మాత్రం మనుషుల చేతుల్లో మిగిలింది.

ఆ పనికి ఇప్పుడు కొత్త రూపం కావాలి. నిజామాబాద్ పక్కనే ఉన్న మాక్లూర్ లాంటి చోట ఓ చిన్న షెడ్డు ఊహించుకోండి. తండ్రి పాతకాలపు టర్నర్. కొడుకు కొన్నేళ్లు గల్ఫ్‌లో కష్టపడి, తెచ్చిన డబ్బులతో ఓ చిన్న సీఎన్‌సీ మిల్లు కొన్నాడు. మిల్లంటే పిండిమర కాదు. కంప్యూటర్‌లో గీసిన బొమ్మ ప్రకారం లోహాన్ని కోసి, తొలిచి, చెక్కే యంత్రం. అల్యూమినియం విడిభాగాలు, రబ్బరు సీళ్లకు అచ్చులు, నేమ్‌ప్లేట్లు... చేతి నిండా పనే. చిక్కల్లా ఒక్కటే. దాని స్పిండిల్, అంటే కోత పనిముట్టును పట్టుకుని తిరిగే ఇరుసు, నిమిషానికి 2,500 చుట్లు దాటదు!

అది చాలదా? పెద్ద పనిముట్టుకైతే చాలు. 20 మిల్లీమీటర్ల హైస్పీడ్ స్టీల్ కట్టర్‌తో ఇనుము కోయడానికి నిమిషానికి 400 చుట్లు సరిపోతాయి. ఎందుకంటే కోతలో లెక్కకొచ్చేది చుట్లు కాదు, కట్టర్ అంచు లోహం మీద ఎంత దూరం పరిగెత్తిందన్నది. పెద్ద చక్రం ఒక్క చుట్టులోనే చాలా దూరం పోతుంది. చిన్న చక్రం అదే దూరానికి ఎన్నోసార్లు తిరగాలి. ఎడ్లబండి చక్రానికీ పిల్లల సైకిల్ చక్రానికీ ఉన్న తేడాయే ఇదీనూ. 3 మిల్లీమీటర్ల కార్బైడ్ కట్టర్ అంచు అల్యూమినియం మీద నిమిషానికి 200 మీటర్లు పోవాలంటే 21 వేల చుట్లు కావాలి. 2,500 చుట్లతో అది పోయేది 24 మీటర్లే.

నష్టం ఎక్కడంటే సమయంలో. రెండు అంచుల కట్టర్, ఒక్కో అంచు చుట్టుకు మిల్లీమీటరులో యాభయ్యో వంతు కోస్తుందనుకుంటే 2,500 చుట్లకు నిమిషంలో 100 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే 10,000 చుట్లయితే 400. అంటే నలభై నిమిషాల కోత పదింటిలో ముగుస్తుంది. తొందరపడి కట్టర్‌ను అలాగే తోసేస్తే పుటుక్కున విరుగుతుంది.

ఈ వేగం మీద మోజు కొత్తదేం కాదు. నిజాంసాగర్ పూర్తయిన 1931లోనే జర్మనీలో కార్ల్ సాలమన్ అనే ఆయన అధిక వేగంతో లోహాన్ని కోసే పద్ధతికి పేటెంట్ పొందాడు. ఒక హద్దు దాటాక వేగం పెరిగేకొద్దీ కోతలో వేడి తగ్గుతుందన్నది ఆయన మాట. అందులో ఎంత నిజమో పరిశోధకులు తర్వాత చాలా వాదించుకున్నారు కానీ, యంత్రాలు మాత్రం ఆయన చూపిన దారినే పట్టాయి.

మరి స్పిండిల్ వేగం పెంచడం ఎలా? కొడుక్కి మొదట తట్టేది తేలిక మార్గమే.

‘‘మోటారుకు పెద్ద పుల్లీ, స్పిండిల్‌కు చిన్న పుల్లీ ఏస్తే అయిపోతది గద బాపూ!’’

‘‘అయితది బిడ్డా... దాంతోని బేరింగు గూడ అయిపోతది.’’

పెద్దాయన మాటలో లెక్క ఉంది. బేరింగు లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో దాన్ని చుట్లతో హెచ్చవేస్తే దాని మీద పడే వేగభారం తెలుస్తుంది. 30 మిల్లీమీటర్ల బేరింగుకు 2,500 చుట్ల దగ్గర అది 75 వేలు. 10,000 చుట్ల దగ్గర 3 లక్షలు! నెమ్మదిగా తిరిగే స్పిండిళ్లలో వాడే టేపర్ రోలర్ బేరింగు గ్రీజుతో అంత వేగాన్ని ఓర్చుకోలేదు. వేడెక్కి, బిగుసుకుని, చివరికి కాలిపోతుంది. దాని బదులు యాంగ్యులర్ కాంటాక్ట్ బాల్ బేరింగులు, అవీ మంచి రకానివి, జతగా వేయాలి. రెంటినీ ఒకదానికొకటి ఎంత బిగువుతో ఆనించాలన్నదే అసలు విద్య. వదులైతే కట్టర్ వణుకుతుంది. బిగువైతే వేడి పుడుతుంది.

గ్రీజు సంగతి ఇంకా తమాషా. ఎక్కువ పెడితే మంచిదేగా అనిపిస్తుంది. కానీ మిక్సీ జారును అంచుదాకా నింపితే ఏమవుతుందో ప్రతి ఇల్లాలికీ తెలుసు. బేరింగులోనూ అంతే. ఖాళీ జాగాలో మూడో వంతు నిండితే చాలు. మించితే బంతులు గ్రీజును చిలకడంతోనే వేడెక్కిపోతాయి. వేడెక్కితే ఇరుసు సాగుతుంది. 200 మిల్లీమీటర్ల ఉక్కు ఇరుసు 25 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరులో ఆరు వందల వంతులు పెరుగుతుంది. కంటికి కనిపించదు. అయితే పొద్దున చేసిన ముక్కకూ మధ్యాహ్నం చేసిన ముక్కకూ లోతులో తేడా వచ్చి, సరుకు వెనక్కి రావడానికి అది చాలు.

ఆ తర్వాత తూకం. తిరిగే వస్తువులో ఓ పక్క రవ్వంత బరువు ఎక్కువున్నా అది బయటికి లాగుతుంది. వేగం రెండింతలైతే ఆ లాగుడు నాలుగింతలు. 2,500 నుంచి 10,000కు పోతే పదహారింతలు! నిన్నటిదాకా నోరెత్తని పుల్లీ, ఇవాళ యంత్రాన్నంతా వణికిస్తుంది. కోలెట్‌లో చిన్న చిప్పు ఇరుక్కుని కట్టర్ కాస్త పక్కకు తిరిగినా ఓ అంచు మీదే కోతంతా పడుతుంది. ఇక పెద్ద కట్టర్లను ఈ వేగంతో తిప్పడమంటే ప్రాణాలతో చెలగాటమే. ప్రతి పనిముట్టుకూ ఓ హద్దు ఉంటుంది, అది దాటకూడదు. అడ్డుగా గట్టి కవచం లేకుండా మీట నొక్కకూడదు.

ఇంత తంటా ఎందుకు, వేరే స్పిండిల్ బిగిస్తే పోలా? పోతుంది. నిమిషానికి 24 వేల చుట్లు తిరిగేవి, నీటితో చల్లబడేవి దొరుకుతున్నాయి. మన కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మారితే, వీటికి డ్రైవ్ అనే పరికరం 800 సార్లు మార్చి అందిస్తుంది. అందుకే ఆ వేగం. అయితే వాటి సత్తువంతా పైవేగంలోనే. నెమ్మదిగా తిప్పి, ఇనుములో లావుపాటి రంధ్రం వేయమంటే మొరాయిస్తాయి. రైస్‌మిల్లు షాఫ్టు పని, ట్రాక్టరు పని వదులుకోలేని షాపు పాత స్పిండిల్‌ను పీకేయలేదు. అందుకే కొందరు పాతదాన్ని ఉంచి, దాని పక్కనే కొత్తదాన్ని బిగించుకుంటారు. బరువు పనికి అది, నాజూకు పనికి ఇది.

ఏ దారి పట్టినా చివరి పరీక్ష ఒకటే. కొత్త బేరింగులు వేసిన స్పిండిల్‌ను మొదటిరోజే పైవేగానికి తీసుకుపోకూడదు. 1,000 చుట్ల దగ్గర ఓ ఇరవై నిమిషాలు తిప్పాలి. వేడి నిలకడకు వచ్చాక 2,000. ఆ తర్వాత 3,000. వేడి ఆగకుండా ఎక్కుతుంటే ఆపేయాలి, చల్లారనివ్వాలి, మళ్లీ మొదలుపెట్టాలి. పూట గడిచిపోతుంది. ఆర్డరిచ్చినవాళ్ల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. నెలవారీ వాయిదా తేదీ గుర్తొస్తూనే ఉంటుంది. గల్ఫ్ ఎండలో కూడబెట్టిన డబ్బు అక్కడ తిరుగుతున్నది. ఒక్క మీట నొక్కితే 10,000 వస్తుంది. ఆ మీట మీదికి పోయే వేలిని ఆపుకోవడమే కష్టం.

కొడుకు కళ్లు తెర మీది అంకె మీద ఉంటాయి. తండ్రి ఆ అంకె జోలికే పోడు. స్క్రూడ్రైవర్ కొసను బేరింగు గూడుకు తాకించి, పిడిని చెవికి ఆనించుకుంటాడు. గరగర ఉందా, సన్నటి ఈల ఉందా, నూలు వడికినట్టు ఒకే నాదం ఉందా... ఏ కంప్యూటరూ చెప్పకముందే ఆ చెవికి తెలుస్తుంది. ‘‘ఇంకో పావుగంట గట్లనే తిరగనియ్’’ అంటాడు.

ఆ పావుగంట ఇచ్చినవాళ్ల స్పిండిళ్లే ఏళ్ల తరబడి తిరుగుతాయి.