ఇసుక రేణువు

పిల్లలూ, దీపావళి వచ్చిందంటే మీలో చాలామంది తుపాకి బిళ్ళను ఒక రాయిమీద పెట్టి మరో రాయితో కొడతారు. ఠప్పున పేలుతుంది. నేను బడిలో సైన్సు చెప్పినన్నాళ్ళూ ఏటా ఎవడో ఒకడు లేచి, "మాస్టారూ, నిప్పు తగలకుండానే అదెట్లా పేలిందండీ?" అని అడిగేవాడు. ప్రశ్న చిన్నదే. కాని దానికి జవాబు దొరికేలోపల ఎందరో ప్రాణాలు పోయాయి.

1847లో ఇటలీ దేశస్థుడు అస్కానియో సొబ్రేరో నైట్రోగ్లిసరిన్ అనే ద్రవాన్ని కనిపెట్టాడు. చూడటానికి నూనెలాగే ఉంటుంది, కాని గట్టి కుదుపు తగిలితే పేలుతుంది. స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ కుటుంబం వారు దీన్ని తయారుచేస్తూ ఉండగా, 1864 సెప్టెంబరు 3వ తేదీన స్టాక్‌హోంలోని వారి షెడ్డు పేలిపోయింది. చనిపోయినవారిలో నోబెల్ తమ్ముడు ఎమిల్ కూడా ఉన్నాడు. తరవాత నోబెల్ ఆ ద్రవాన్ని గుల్లగా ఉండే ఒకరకం మట్టిలో ఇంకించి, కుదుపులకు ఓర్చుకునేట్టు చేశాడు. అదే 1867 నాటి డైనమైటు.

మందు కార్ఖానాల్లో కట్టుదిట్టాలు మొదలయినాయి. మేకులు కొట్టిన చెప్పులతో లోపలికి రాకూడదు. నేలమీద ఇసుక ఉండకూడదు. స్కాట్లండులోని ఆర్డీర్ కార్ఖానాలో ద్రవం వేడెక్కకుండా కనిపెట్టి చూసే మనిషికి ఒంటికాలి పీట ఇచ్చేవారు. కునుకు పట్టిందా, కింద పడవలసిందే! (ఈ సంగతి చెప్పినప్పుడు మా వెనక బెంచీ వాళ్ళు కూడా మేలుకునేవారు.)

ఇంతకూ, ఇసుక అంటే అంత భయం దేనికి? దీన్ని తేల్చినవాడు టాస్మేనియాలో పుట్టి కేంబ్రిడ్జిలో పనిచేసిన ఫిలిప్ బౌడెన్. ఆయనా, ఆయనతో పనిచేసిన యాఫీ కలిసి 1952లో దీన్ని గురించి ఒక పుస్తకం కూడా రాశారు. వారి లెక్క ఇది: సుత్తి దెబ్బలోని శక్తి మందు అంతటికీ సమంగా పంచుకుపోతే మందు కాస్త గోరువెచ్చనవుతుంది, అంతే. పేలదు. కాని శక్తి అట్లా పంచుకుపోదు. ఎక్కడో మిల్లీమీటరులో వెయ్యోవంతు చోట పోగుపడి, రెప్పపాటుకంటే తక్కువ కాలంలో నాలుగయిదు వందల డిగ్రీల వేడి పుట్టిస్తుంది. అక్కణ్ణించి మంట అంతటా పాకుతుంది.

ఆ చోటు ఎట్లా ఏర్పడుతుంది? సైకిలు పంపు మూతిని వేలితో మూసి నాలుగు సార్లు గట్టిగా కొట్టి చూడండి, పంపు అడుగు వెచ్చబడుతుంది. మందులో చిక్కుకున్న గాలి బుడగ దెబ్బకు నలిగితే అదే జరుగుతుంది, కాని ఎన్నో రెట్లు ఎక్కువగా. ఇక ఇసుక రేణువు. రాపిడికి దాని అంచు వేడెక్కుతుంది. సులువుగా కరిగే పదార్థమైతే ఆ వేడికి తానే కరిగి చల్లగా ఊరుకుంటుంది. ఇసుక అంత తేలికగా కరగదు గనక ఇంకా ఇంకా వేడెక్కుతుంది. పాతకాలపు మేస్త్రీలు ఎందుకో తెలియకుండానే ఇసుకను ఊడ్పించారన్నమాట!

ఈనాడు ప్రయోగశాలల్లో చిటికెడు మందును దళసరి అడ్డుగోడ వెనక ఉంచి, దానిమీద బరువును రకరకాల ఎత్తులనుంచి పడవేస్తారు. ఏ ఎత్తునుంచి వేస్తే సగంసార్లు పేలుతుందో చూసి, ఆ మందు ఎంత సున్నితమో నిర్ణయిస్తారు. ఇది పెద్దలు, తగిన సాధనాలతో చేసే పని. దీపావళి మర్నాడు పేలని టపాకాయలు ఏరి రాళ్ళతో చితగ్గొట్టే మన కుర్రవాళ్ళకు అడ్డుగోడా లేదు, కొలతా లేదు. మా బడిలో ఒక ఆరో తరగతి పిల్లవాడు ఆ ఏడంతా ఎడమచేత్తో రాశాడు.

2024 దీపావళి నాడు ఏలూరులో ఇద్దరు ఉల్లిపాయ బాంబుల సంచీతో బండిమీద పోతున్నారు. వాటిలో ఏముంటుందో నేను చెప్పను, మీరూ అడగకండి. చక్రం గుంటలో పడింది, సంచీ జారి నేలకు కొట్టుకుంది. ఒకరు అక్కడికక్కడే చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. నిప్పు ఎవరూ ముట్టించలేదు.