గుత్తి సాలీడు ఇల్లు మారిన పూట

టరాంటులా సాలీళ్లని పెంచేవాళ్లకి గుండె దడ పుట్టించే పని ఒకటుంది. వాటి ఇల్లు మార్చడం. కుబుసం విడిచిన ప్రతిసారీ సాలీడు కాస్త పెరుగుతుంది, పిల్లప్పుడు సరిపోయిన డబ్బా ఇరుకవుతుంది. ఇక మూత తియ్యక తప్పదు. మిగతా రోజుల్లో దానికీ మనకీ మధ్య అద్దమో ప్లాస్టిక్కో అడ్డు ఉంటుంది. ఆ పూట ఏదీ ఉండదు.

దక్షిణ అమెరికా నేల సాలీళ్లు చాలావరకు నింపాదిగా తిరుగుతాయి. చిర్రెత్తితే పొట్ట మీది నూగుని వెనక కాళ్లతో రాల్చి దురద పుట్టిస్తాయి. ఆసియా, ఆఫ్రికా జాతులకి ఆ నూగు లేదు. వాటికి ఉన్నవల్లా పరుగూ కాటూ. నేనుండేది ఇంగ్లండ్‌లో. నా దగ్గరున్నది ఇక్కడి పెంపకందారుల దగ్గర పుట్టిన పిల్లే అయినా, దాని పేరు మాత్రం మన అనంతపురం జిల్లా గుత్తిది. శాస్త్రీయ నామం పోయెసిలోథీరియా మెటాలికా. ఒళ్లంతా నీలం, కాళ్ల మీద పసుపు మచ్చలు, వీపున తెల్లని అల్లిక. ఆ నీలం ఏ రంగుపదార్థం వల్లా వచ్చింది కాదు, వెంట్రుకల్లోని అతిసూక్ష్మమైన అమరిక వెలుతురుని తిప్పికొట్టే తీరులో పుడుతుంది.

గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన సాలీడుని 1899లో రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త మొదటిసారి వర్ణించాడు. తర్వాత వందేళ్ల పైచిలుకు అది శాస్త్రవేత్తల కంట పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. మొదట దొరికిన సాలీడు దుంగలతోపాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని అంటారు. పాత చెట్ల తొర్రల్లో బతికే జీవి, చెట్టు కొట్టేస్తే దానికి ఇంకో గూడు దొరకడం కష్టం. అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతిగా 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాకెక్కింది. 2019లో పోయెసిలోథీరియా ప్రజాతి మొత్తాన్నీ, అంతర్జాతీయ వన్యజీవి వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. అడవిలో పట్టుకొచ్చిన దాన్ని కొనడం నా దృష్టిలో దొంగసొత్తు కొనడమే.

ఈ ప్రజాతి కాటుకి మనిషి చనిపోయినట్టు నమోదు కాలేదు. కానీ విరుగుడు మందు లేదు, కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపెట్టగలదు. ఒట్టి చేతుల మీద పాకించుకుని వీడియోలు తీసేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. సాలీడుకి అందులో ఒరిగేదేమీ లేదు.

పని పగలే పెట్టుకుంటాను. రాత్రయితే అది వేటకి సిద్ధంగా ఉంటుంది, పగలు బెరడు వెనక ఒదిగి కూర్చుంటుంది. మేత మానేసి కుబుసానికి దగ్గరపడినట్టుంటే వాయిదా వేస్తాను. విడిచిన కొత్తలో కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి, అవి నల్లబడి గట్టిపడేదాకా కదపను. తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి, పెద్ద టబ్బు ఒకటి నేల మీద పెట్టి, పాత డబ్బా, కొత్త డబ్బా రెండూ అందులోనే తెరుస్తాను. బల్ల మీద ససేమిరా చెయ్యను. దాని పొట్ట నీళ్లు నింపిన బుడగలా పలచన, కొద్ది ఎత్తు నుంచి పడినా చిట్లవచ్చు. అది పారిపోతుందన్న భయం కంటే కింద పడుతుందన్న భయమే నాకెక్కువ.

చేతిలో పొడవాటి పెయింటు బ్రష్షు. పక్కన లోపలిది కనబడే డబ్బా ఒకటి, దాని మూతికి సరిపడే గట్టి అట్ట. పట్టకారు బెరడు కదపడానికే, సాలీడుని పట్టడానికి కాదు. మాస్కు కూడా కట్టుకుంటాను, మన ఊపిరి తగిలినా వెంట్రుకలు పసిగట్టేస్తాయి, రెప్పపాటులో డబ్బా దాటేస్తుంది. ఇంతా చేసి నేను చేసేది దారి చూపడమే. మీద వెలుతురు పడింది, దానికి చీకటి కావాలి. ఆ చీకటి కొత్త ఇంట్లో ఉండేలా చూస్తే సగం పని అదే చేసుకుంటుంది.

అందుకే దాని ఇంట్లో మొదట్నుంచీ కార్కు బెరడు గొట్టం నిలబెట్టి ఉంచుతాను. సాలీడు లోపల ఉండగా రెండు చివర్లూ మూసి, గొట్టంతో సహా ఎత్తి కొత్త డబ్బాలో పెట్టడం అన్నిటికన్నా మంచి పద్ధతి. సాలీడు గొట్టం బయట ఉంటే మాత్రం బ్రష్షుతో వెనక కాలి చివర తాకాలి. అలా తాకితే రెండడుగులు వేసి ఆగుతుంది. ముందు కాళ్లు ఎత్తి, అడుగున ఉన్న పసుపు చూపిస్తూ అలాగే బిగుసుకుపోతుంది. అప్పుడు బ్రష్షు వెనక్కి తీసి ఊరుకోవాలి. నిమిషమో, పదో, కాళ్లు దించేదాకా. తర్వాత మళ్లీ ఒక్క తాకు. రెండు డబ్బాల మూతులూ ఆనించి ఉంటే తనే అవతలికి వెళ్లిపోతుంది. ఒంటి మీదికి వచ్చినా విదిలించకూడదు, కదలకుండా నిలబడి, అది ఆగాక డబ్బా బోర్లించి కింద అట్ట జరపాలి.

కొత్త ఇంట్లో నీళ్ల గిన్నె నింపి, వారం పాటు మేత వెయ్యను. గొట్టం మూతి దగ్గర పట్టు అల్లడం మొదలెట్టాక ఒక కీచురాయిని వదులుతాను. తెల్లారేసరికి తినకపోతే తీసేస్తాను. కుబుసం విడుస్తూ కదల్లేని సాలీడుని కీచురాయి కూడా కొరికి చంపేయగలదు.