అనంతగిరి బాటలో వుజూ

మదర్సాలకు వారపు సెలవు శుక్రవారం. జుమా నమాజు ఉన్న రోజున కొండలకు వెళ్ళడం కుదరదు. అందుచేత ఈ చలికాలంలో నెలకొక ఆదివారం పాఠాలు ఆపి, పై తరగతుల విద్యార్థులను 18 మందిని వెంటబెట్టుకొని నడకకు వెళ్ళాలని మేము నిశ్చయించుకున్నాము. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు నాలుగు ప్రయాణాలు. కొండలెక్కడంలో శిక్షణ పొందిన ఒక హిందూ యువకుడు, మా విద్యార్థి ఒకని అన్నకు మిత్రుడు, ఏ ప్రతిఫలమూ కోరకుండా మాకు దారి చూపడానికి అంగీకరించాడు.

తండ్రులలో కొందరికి ఇది నచ్చలేదు. "ఖుర్ఆన్ కంఠస్థం చేయవలసిన పిల్లలకు కొండలెందుకు మౌలానా?" అని ఒకరు నేరుగానే అడిగారు. మేము ఆయనకు హిజ్రత్ ప్రయాణాన్ని గుర్తు చేశాము. దైవప్రవక్త (స) సౌర్ కొండ గుహలో మూడు రాత్రులు గడిపారు. ఆ తరువాత మదీనాకు దారి చూపిన అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అప్పటికి ముస్లిం కాదు. ఎడారి దారులు ఎరిగినవాడు, నమ్మదగినవాడు, అంతే. ఆహారపు సంచి మూతి కట్టడానికి ఏమీ దొరకనప్పుడు హజ్రత్ అస్మా (రజి) తమ నడికట్టునే రెండుగా చించి కట్టారు. దారి తెలియడం, ముడి వేయడం తెలియడం మన చరిత్రకు పరాయి విద్యలు కావు. ఆ తండ్రి ఒప్పుకున్నారు గాని, కొత్త బూట్లు కొనవలసి వచ్చినందుకు మాత్రం కొంత గొణిగారు.

మొదటి ప్రయాణం గోల్కొండ. అక్కడ నేర్చుకున్నది తక్కువే. బాలాహిసార్ మెట్లు ఎక్కేసరికి యాభై దాటిన మా మోకాళ్ళ సంగతి మాకు తెలిసివచ్చింది. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టడంలోనే పిల్లలకు సగం పూట గడిచింది.

డిసెంబరులో వికారాబాద్ దగ్గరి అనంతగిరికి వెళ్ళాము. మన హైదరాబాదును రెండుగా చీల్చుకొని పారే మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే. ఆ రోజు దిక్సూచి, పటం చదవడం నేర్చుకున్నాము. మగ్రిబ్ వేళకు అడవి అంచున ఒక చదునైన చోట ఆగాము. అజాన్ ఇచ్చిన వెంటనే పిల్లలు సూర్యుడు దిగిన వైపు ఎర్రని కాంతికి ఎదురుగా సఫ్ఫు కట్టారు. మేమూ అటే నిలబడబోయాము. చేతిలో దిక్సూచి ఉన్న ఒక విద్యార్థి, "హజ్రత్, ఇది పడమర కాదు" అన్నాడు.

అతను చెప్పింది నిజమే. డిసెంబరులో మన ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా పడమట కాక, దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి అస్తమిస్తాడు. హైదరాబాదు ప్రాంతం నుండి ఖిబ్లా పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. రెండూ కలిపితే తేడా 38 డిగ్రీలు. సఫ్ఫును సరిచేసి నమాజు చేశాము. సలాము తిప్పగానే ఒకడు, "ఇంతకు ముందు ఊళ్ళో పొలాల దగ్గర సూర్యుణ్ణి చూసి చేసిన నమాజుల మాటేమిటి?" అని కలవరపడ్డాడు. 45 డిగ్రీల లోపు మరలినా నమాజు చెల్లుతుందని ఫిఖ్హ్ పండితులు చెప్పిన మాట వివరించాక గాని అతని మనసు కుదుటపడలేదు.

చీకటి పడ్డాక శర్మిష్ఠ నక్షత్ర మండలం ఆధారంగా ధ్రువతారను పట్టుకోవడం శిక్షకుడు చూపించాడు. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. మన ప్రాంతంలో ధ్రువతార దిగంతం నుండి 17 డిగ్రీల ఎత్తున, అంటే రెండు పిడికిళ్ళకు కొంచెం లోపునే ఉంటుంది. తూర్పున రోహిణిని చూపిస్తూ ఆంగ్లంలో దాని పేరు అల్దెబరాన్ అన్నాడతను. పిల్లలు ఒక్కసారిగా నవ్వారు. అది అరబీ మాట, 'వెంట నడిచేది' అని అర్థం. దాని ముందు నడిచే కృత్తికలే సురయ్యా. మన ఇళ్ళల్లో ఎందరు సురయ్యాలు ఉన్నారో! ఆ రాత్రి అతను మాకు గురువు, పిల్లలు అతనికి గురువులు.

జనవరి చివరి ఆదివారం మళ్ళీ అనంతగిరికే వెళ్ళాము. ఈసారి బాట పొడవైనది, 14 కిలోమీటర్లు. తలా రెండు సీసాల నీరు. చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజులు. జుహ్ర్ వేళకు 9 కిలోమీటర్లు నడిచాము. ఇంకా 5 కిలోమీటర్లు వెళ్తేనే నీరు. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక్క సీసాయే మిగిలి ఉంది.

ముందుగా సీసా మూత తీసినది మేమే. ఆ మాట దాచడం న్యాయం కాదు. పాతికేళ్ళ అలవాటు కొద్దీ కూర్చొని, మూడేసి సార్లు కడుగుతూ, సంపూర్ణంగా వుజూ చేశాము. మమ్మల్ని చూసి పిల్లలూ చేశారు. శిక్షకుడు ఏదో అనబోయి, నమాజు విషయం కదా అని కాబోలు, ఊరకున్నాడు.

అక్కడి నుండి రెండు కిలోమీటర్లు కూడా నడవకముందే ఒక విద్యార్థి వెనకబడ్డాడు. తలనొప్పి అన్నాడు, కడుపులో తిప్పుతోందన్నాడు, ఆపైన ఒక టేకు చెట్టును పట్టుకొని కూలబడ్డాడు. ఒళ్ళంతా చల్లని చెమట. పొద్దున ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. శిక్షకుడు అతన్ని నీడలో పడుకోబెట్టి, కాళ్ళ కింద సంచులు పెట్టి, గుండీలు విప్పి, తన సీసాలో నీటితో రుమాలు తడిపి మెడ మీద వేశాడు. మిగిలిన నీటిలో ఉప్పు, చక్కెర పొడి కలిపి గుక్కగుక్కగా తాగించాడు. పావుగంట గడిచింది. ఆ పావుగంటలో ఆ బాలుని తల్లి ముఖం మా కళ్ళ ముందు నుండి కదలలేదు.

అతను కళ్ళు తెరిచి కూర్చున్నాక శిక్షకుడు మెల్లగా అడిగాడు: "మౌలానా గారూ, నీళ్ళు లేనప్పుడు మట్టితో ఏదో చేసే పద్ధతి మీలో ఉందని నా మిత్రుడు చెప్పాడు. నిజమేనా?"

మేము తల వంచుకున్నాము. ఉంది. తయమ్ముమ్ అధ్యాయాన్ని ఏటేటా బోధించేది మేమే. చేతిలో నీరుండి, అది దాహానికి అవసరమైనప్పుడు తయమ్ముమ్ చేయవచ్చునని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశామో లెక్క లేదు. పడిపోయిన ఆ విద్యార్థికి ఆ అధ్యాయంలో పూర్తి మార్కులు వేసినదీ మేమే. ఆ బాట మీద రెండు మార్గాలు తెరచి ఉన్నాయి. జుహ్ర్ వేళ ఇంకా చాలా ఉంది గనుక నీరున్న చోటికి చేరాక నమాజు చేయవచ్చు. లేదా కాలి కింది ఎర్రమట్టి మీద రెండుసార్లు చేతులు వేసి ముఖాన్ని, మోచేతుల దాకా చేతులను తుడుచుకోవచ్చు. తాగే నీటిని నేల మీద పారబోయడం మాత్రం ఆ రెంటిలో లేదు. అల్లాహ్ ఇచ్చిన సడలింపును నిరుపేదల వాటాగా, రోగుల వాటాగా భావించి, మనకెందుకులే అనుకొనే ఒక గర్వం మాలో ఉందని ఆ చెట్టు కింద మాకు అర్థమైంది. పిల్లలందరి ముందూ ఆ మాట చెప్పాము. వారు మౌనంగా విన్నారు. పడిపోయిన విద్యార్థి మాత్రం, "తప్పు నాది హజ్రత్, పొద్దున తినలేదు" అన్నాడు. ఆ మాట మమ్మల్ని మరింత బాధించింది.

తిరిగి వచ్చాక ఆ తండ్రి ఇంటికి మేమే వెళ్ళి జరిగినది చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చాయ్ తెప్పించారు. ఆఖరి ప్రయాణానికి కొడుకును పంపుతారని మేము అనుకోలేదు, కాని పంపారు.

ఆ ఆఖరి ప్రయాణం భువనగిరి. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర వెలసిన కోట అది. 500 అడుగులకు పైగా లేచిన ఒకే ఒక నున్నని శిల. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది ఈ శిలల మీదనే. పిల్లలు నడుముపట్టీలు బిగించుకొని, ఎనిమిది ఆకారపు ముడి వేసి, ఒకరి ముడిని మరొకరు రెండుసార్లు తడిమి చూసి గాని బండ మీద కాలు పెట్టలేదు. మేము పదడుగులు ఎక్కి, బిస్మిల్లాహ్ అని దిగివచ్చి, మెట్ల దారినే నమ్ముకున్నాము.

పైకి చేరేసరికి కింద ఊళ్ళోని మసీదు నుండి జుహ్ర్ అజాన్ వినిపించింది. అందరూ మా వైపు చూశారు. "తయమ్ముమ్ చేయాలా హజ్రత్?" అని ఒకడు ఉత్సాహంగా బండ మీదికి చేతులు చాచాడు.

"వద్దు. నీరు మైలు లోపే ఉంది, వేళా ఉంది. దిగి వుజూ చేద్దాము" అన్నాము.

అనంతగిరిలో పడిపోయిన విద్యార్థి తన సంచిలోంచి సీసా తీసి, మా చెవి దగ్గర ఆడించి చూపాడు. సగానికి పైగా నీరుంది. ఒక గుక్క తాగి, మాకు అందించాడు.