కొండదారి నేర్పిన పాఠము

నాగార్జునసాగరమున హిల్ కాలనీ కొండమీద నున్నది. పైలాన్ కాలనీ దిగువ నున్నది. ఈ రెంటిని కలుపు బాటపై పోవు బండికి పరుగెత్తు శక్తికంటె ఆగు శక్తియే ముఖ్యము. ఈ సత్యమును ఒక వృద్ధుడు తన డెబ్బదవ యేట, ఒక చలికాలపు ఉదయమున నేర్చికొనెను.

ఆయన ఆనకట్టపై చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొనినవాడు. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ మహానిర్మాణమునుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడువబడెను. రాతితో కట్టిన ఆ గోడ గర్భమున నడవలు కలవు. అందు దిగి, ఊటనీటిని కొలిచి, పుస్తకమున వ్రాయుట ఆ వృద్ధుని కొలువు. “ఊట యుండుట అపాయము కాదు, అది పెరుగుచున్నను ఎరుగకుండుటయే అపాయము” అని ఆయన క్రొత్తగా చేరినవారికి చెప్పుచుండెడివాడు.

ఆయనకొక పాత అంబాసిడర్ కారు కలదు. వారము దినములకు ముందు ఆయన కోదాడలో ఒక వివాహమునకు పోయి, సూర్యాపేటమీదుగ తిరిగి వచ్చెను. దారిలో బ్రేకు పెడల్ మునుపటికంటె మెత్తగా నున్నట్లు పాదమునకు తెలిసెను. ఒకటికి రెండుమారులు త్రొక్కిన గట్టిపడుచుండెను. బ్రేకు వేసినపుడు కారు కొంచెము కుడివైపునకు లాగుచుండెను. చదునైన రహదారిపై ఆ లోపము బాధింపలేదు. “తరువాత చూతము” అని ఆయన ఊరకుండెను.

ఆ ఉదయమున ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలిని మిర్యాలగూడ బస్సు ఎక్కించుటకై ఆయన కొండ దిగుచుండెను. ముందొక బాలుడు మేకలమందను బాట దాటించుచుండెను. వృద్ధుడు బ్రేకు త్రొక్కెను. పెడల్ అడుగునకు దిగిపోయెను, కారు ఆగలేదు! ఆయన కలవరపడక పెడల్‌ను మాటిమాటికి త్రొక్కుచు, గేరును తగ్గించి, చేతిబ్రేకును కొంచెము కొంచెముగా లాగెను. కారు వేగము తగ్గి, బాటప్రక్క మట్టిదిబ్బకు ఒరసి నిలిచెను. చివరి మేకకును కారునకును నడుమ పది అడుగులు మాత్రమే యుండెను. బాలుడు భయముతో చూచుచుండెను. వృద్ధుని చేతులు వణకుచుండెను.

కారును ట్రాక్టరుకు కట్టి మెల్లగా ఇంటికి చేర్చిరి. మనుమరాలు అడిగెను: “తాతా! పెడల్ ఒకచోట నున్నది; చక్రములు వేరొకచోట నున్నవి. త్రొక్కిన బలము అక్కడి కెట్లు పోవును?”

“పదునేడవ శతాబ్దమున పాస్కల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చెప్పిన సూత్రమును నీవు బడిలో చదువుదువు. మూసియుంచిన ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అంతటను సమానముగా వ్యాపించును. పెడల్ త్రొక్కగనే మాస్టరు సిలిండరులోని బ్రేకు ఆయిలు గొట్టములలో ఒత్తిడి కలిగించును. ఆ ఒత్తిడిచే చక్రములోని బ్రేకు షూలు డ్రమ్మును ఒరసి ఆపును. ద్రవము ఇంచుమించు నొదుగదు, గాలి ఒదుగును. గొట్టములో గాలి చేరినచో మన బలము చక్రమును ఆపుటకు మారుగ ఆ గాలిని నొక్కుటకే సరిపోవును. పెడల్ మెత్తబడుటకు అదియే కారణము.”

వారు లోపమును వెదుకసాగిరి. ఆయిలు డబ్బాలో మట్టము కనిష్ఠపు గీతకంటె దిగువ నుండెను. ఎడమవైపు వెనుక చక్రము లోపలిభాగము తడిసియుండెను. అచటి వీల్ సిలిండరు రబ్బరు కప్పు అరిగి ఆయిలు కారుచుండెను. తడిసిన లైనింగు పట్టు కోల్పోవుటచే కారు కుడివైపునకు లాగినది. బ్రేకు వేయగనే కీచుమనుట, ఇనుము ఇనుమును గీచినట్లు మ్రోయుట, పెడల్ పాదము క్రింద అదరుట మొదలగునవియు లోపముల సూచనలే యని వృద్ధుడు చెప్పెను.

ముందు చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, వెనుకభాగమును జాకీతో ఎత్తి, దిట్టమైన స్టాండ్లపై నిలిపిరి. జాకీ నొక్కదానినే నమ్మి కారు క్రింద దూరరాదు. పాత లైనింగుల ధూళిలో రాతినార యుండవచ్చును. అది ఊపిరితిత్తులకు హాని. కావున దానిని ఊదక తడిగుడ్డతో తుడిచిరి. రబ్బరు కప్పులను మార్చిరి. రెండు వెనుక చక్రములకును క్రొత్త లైనింగులు వేసిరి. ఒకవైపు మాత్రమే మార్చినచో పట్టు సమముగా నుండదు.

పిమ్మట గాలిని తీసిరి. మనుమరాలు పెడల్‌ను త్రొక్కి పట్టుకొనగా తాత చక్రముకడ మరను వదులు చేసెను. సన్నని గొట్టముగుండ ఆయిలుతోపాటు బుడగలు సీసాలోనికి వచ్చెను. మరను బిగించిన తరువాతనే ఆమె పాదము తీసెను. మాస్టరు సిలిండరుకు దూరపు చక్రముతో మొదలిడి, బుడగలు నిలుచువరకు అన్ని చక్రములకును అట్లే చేసిరి. డబ్బా వట్టిపోకుండ క్రొత్త ఆయిలు పోయుచుండిరి. అది గాలిలోని తేమను పీల్చును. క్రొత్త డాట్ 3 ఆయిలు కనీసము 205 డిగ్రీల సెల్సియసు వరకు మరుగదు. తేమ చేరినచో ఆ హద్దు 140 డిగ్రీల వరకు దిగవచ్చును. దిగుడుబాటలో వేడెక్కి ఆవిరి పుట్టెనా, అదియు గాలివలెనే మోసగించును.

పెడల్ గట్టిపడెను. అయినను వృద్ధుడు తొందరపడలేదు. ఇంటిముందు చదునుబాటపై నడకవేగమున పరీక్షించి, పిదప నిపుణుడైన మెకానిక్కును పిలిపించి చూపెను. తన చేతిపనిని మరియొకరి కంటితో సరిచూచుకొనుట ఆయనకు చిన్నతనముగా తోపలేదు.

మనుమరాలు మెల్లగా అడిగెను: “ఆనకట్ట ఊటను దినదినము వ్రాసిన తాతకు, కారు ఊట యేల కనబడలేదు?”

ఆయన కొంతసేపు మాటాడలేదు. “కనబడినది, తల్లీ! అక్కడ వ్రాయకున్న అడుగువారుండిరి. ఇక్కడ అడుగువారు లేరు. ఆ మేకల పిల్లవాని ముఖము చూచినప్పుడు నా తప్పు నాకు తెలిసినది.”

నాటినుండి ఆ కారులో ఒక చిన్న పుస్తకము ఉండెను. ప్రతి ఆదివారమును అందు ఆయిలు మట్టము, పెడల్ తీరు వ్రాయబడుచుండెను. వ్రాయునది తాత, అడుగునది మనుమరాలు.