సైనిక్‌పురిలో ఒక చిన్న సీసా

గత డిసెంబరులో మేము సైనిక్‌పురిలోని మా ఖాలా ఇంటికి వెళ్లాము. ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా రద్దీ దాటి ఈ కాలనీలో అడుగుపెట్టగానే మనసు కుదుటపడుతుంది. పేరుకు తగ్గట్టే ఇది మాజీ సైనికాధికారులు స్థిరపడిన చోటు. ప్రహరీల మీదుగా తొంగిచూసే చెట్లు, కొద్ది దూరంలో కాప్రా చెరువు. అయితే దక్కను చలిగాలి వృద్ధుల చర్మాన్ని కనికరించదు.

ఖాలా కాళ్లు తెల్లగా పొలుసుబారి ఉన్నాయి. దురదతో రాత్రుళ్లు నిద్ర కరవైందన్నారు. పైగా మధుమేహం. గోకినచోట పుండుపడితే ఎలాగన్నదే మా భయం. కోడలు తాను ముఖానికి రాసుకునే మొక్కల నూనెనే అత్తగారి ఒంటికంతా రాస్తున్నది. “సున్నితమైన ముఖానికి పడేది కాళ్లకు పడదా ఆపా?” అని అడిగింది.

ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది, కొంత నిజమూ ఉంది. సీసా తిప్పి చూశాము. 30 మిల్లీలీటర్లు. పొద్దుతిరుగుడు, జొజోబా నూనెలు, చివర నిమ్మజాతి సుగంధ తైలం. ముఖానికి నాలుగు చుక్కలు చాలు. ఒంటికంతా రాస్తే వారం తిరక్కుండానే సీసా ఖాళీ. దుబారా అల్లాహ్‌కు ఇష్టం లేదు. పగిలిన చర్మాన్ని సుగంధ తైలాలు మంట పెట్టవచ్చు కూడా.

మరి జైతూన్ నూనె? దివ్యఖుర్ఆన్ నూర్ సూరా 35వ ఆయత్ జైతూన్‌ను శుభవంతమైన వృక్షమన్నది. దాని నూనెను తినమనీ, రాసుకోమనీ దైవప్రవక్త (స) బోధించినట్లు తిర్మిజీ హదీసు ఉంది. అయితే అందరి చర్మం ఒకటి కాదు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో జైతూన్ నూనె కొందరి చర్మపు రక్షణ పొరను బలహీనపరిచింది. పొద్దుతిరుగుడు నూనె అలా చేయలేదు. వైద్యం చేయించుకోమన్నదీ ఆ ప్రవక్త (స) బోధనే కదా!

అందుచేత ఖాలాను చర్మవైద్యుని వద్దకు తీసుకువెళ్లాము. నూనె చర్మానికి తడినివ్వదు, ఉన్న తడిని నిలుపుతుంది. కనుక గోరువెచ్చని స్నానం ముగియగానే, ఒళ్లు పూర్తిగా ఆరకముందే పరిమళం లేని లేపనం రాయాలన్నారు. కాలివేళ్ల సందుల్లో మాత్రం రాయరాదనీ, పాదాలను రోజూ పరిశీలించాలనీ హెచ్చరించారు.

పది రోజుల తరువాత ఖాలా ఫోను చేశారు. “అల్‌హమ్దులిల్లాహ్! ఇప్పుడు రాత్రి లేచేది దురదకు కాదు, తహజ్జుద్‌కు” అన్నారు. చిన్న సీసా మళ్లీ కోడలి అద్దం ముందుకు చేరిందట.