ఇరుసు

ఇరుసు అనగానే మన పల్లెవారికి ఎడ్లబండి జ్ఞప్తికి వచ్చును. బండి ఇరుసు కదలదు. చక్రములే దాని చుట్టును తిరుగును. మోటారు బండిలో నట్లు కాదు. అందు ఇరుసు తానే తిరిగి చక్రమును త్రిప్పును. పల్నాటి సీమ కర్షకుడొకడు ఈ భేదమును తన డెబ్బదవ యేట, అమెరికాలో, కుమారుని కారు క్రిందికి తొంగిచూచి తెలిసికొనెను.

కుమారుడు కొలరాడో రాష్ట్రమందలి డెన్వరు నగరమున ఉద్యోగి. ఆ నగరము సముద్రమట్టమునకు 5,280 అడుగుల, అనగా ఒక మైలు, ఎత్తున నున్నది. దానికి పడమట రాకీ పర్వతములు. 14,000 అడుగులకు మించిన శిఖరములు ఆ రాష్ట్రమున ఏబదికి పైగా కలవు. పూర్వము బంగారము, వెండి త్రవ్విన దినములలో వేసిన గనిదారులు ఆ కొండలలో నేటికిని మిగిలియున్నవి. సెలవు దినములలో ఆ రాళ్లదారులపై కారు నడుపుట అచటి యువకులకు వేడుక.

ఇతని కారు నాలుగు చక్రములకును ఇంజను బలమందునట్టిది. అయినను దాని అడుగు రాళ్లకు తగులుచుండెను. అందుచే నతడు స్ప్రింగుల మీద దిమ్మలు బిగించి కారును రెండంగుళములు పైకెత్తెను. పొరుగువారు మెచ్చుకొనిరి. తండ్రికి ఛాయాచిత్రము పంపగా, "గుఱ్ఱమువలె నున్నది నాయనా!" అని ఆయనయు సంతసించెను.

రెండంగుళములే కదా యనిపించును. కాని కారు వెనుకభాగమున నడుమ నొక పండ్లచక్రాల పెట్టె కలదు. దానినుండి ఇరుప్రక్కల చక్రములకు రెండు పొట్టి ఇరుసులు పోవును. కారు లేచినపుడు పెట్టెయు లేచును. చక్రములు మాత్రము నేలమీదనే యుండును. కావున దాదాపు సమతలముగా నున్న ఇరుసు ఏటవాలుగా నగును. వంగియుండియు తిరుగవలెనన్న దానికి కీళ్లు కావలెను. పదునేడవ శతాబ్దిలో రాబర్టు హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వర్ణించిన కీలు వంగి తిరుగునే గాని, ప్రతి చుట్టులోను దాని వేగము హెచ్చుచు తగ్గుచు నుండును. 1926లో ఫోర్డు సంస్థలోని ఇంజనీరు ఆల్ఫ్రెడ్ షెప్పా ఆరు ఉక్కు గుండ్లను గాడులలో నమర్చి, ఎంత వంగినను వేగము మారని కీలును నిర్మించెను. నేటి కార్లలోని కీళ్లలో పెక్కు దాని సంతతియే. అయినను వాలు పెరిగినకొలది గుండ్లు గాడులలో ముందువెనుకలకు మరింత దూరము జరుగును. ఒరపిడి పెరుగును, వేడి పుట్టును. కీలును కప్పిన రబ్బరు తొడుగు ముడతలు ఒకదానినొకటి రాచుకొని చినుగును. లోని కందెన చిమ్ముకొని పోవును. దుమ్ము లోపల జొచ్చును. సుమతీ శతకము చదివిన బాలురకు కందెన లేని ఇరుసు గతి వేఱుగ చెప్పనక్కరలేదు.

తండ్రి డెన్వరు చేరిన రెండవ వారముననే కారు వెనుక నొక టకటక శబ్దము వినెను. "ఏమది?" యని యడిగెను. "రాయి ఏదో చిక్కినది నాన్నగారూ" అని కుమారుడు తేల్చివేసెను. అతనికి నిజము కొంత తెలియును. ఒప్పుకొనుటకు మనసు రాలేదు. తరువాతి ఆదివారము భార్యను, బిడ్డను, తండ్రిని ఎక్కించుకొని గనిదారిన కొండయెక్కెను. ఎత్తైన మలుపున శబ్దము దెబ్బలుగా మారెను. కారు వణకెను. సాయంకాలపు చలి దిగుచుండెను. బిడ్డ ఏడ్చుచుండగా వారు నడకవేగమున, చీకటిలో, మూడు గంటలకు ఊరు చేరిరి. ఇల్లు చేరువరకు ఎవరును అతనిని ఒక్క మాటయు అనలేదు. అదియే అతనికి ఎక్కువ బాధ కలిగించెను.

తాను చెడగొట్టిన దానిని తానే బాగుచేయవలెనని అతడు నిశ్చయించుకొని క్రొత్త ఇరుసు తెప్పించెను. చక్రము నేలపై నుండగనే నడిమి పెద్ద మరను వదులు చేయవలెను. ఎత్తిన పిదప చక్రము తిరిగిపోవునే కాని మర కదలదు. అటుపిమ్మట ముందు చక్రములకు అడ్డుచెక్కలు పెట్టి, వెనుకభాగమును జాకీతో లేపి, చక్రమూడదీసి, అతడు కారు క్రిందికి దూరబోయెను.

తండ్రి అతని భుజము పట్టుకొనెను. "ఎత్తునది వేఱు, మోయునది వేఱు. ఊతము పెట్టనిదే క్రిందికి పోవద్దు. మన యూరిలో కందెన వేయుచు ఒకడు కాలు పోగొట్టుకొనెను" అనెను. కుమారునికి విసుగు కలిగెను. అయినను ఇనుప ఊతము తెచ్చి నిలిపెను.

ఆ దేశమున శీతకాలమందు మంచు కరుగుటకై రోడ్లపై లవణములు చల్లుదురు. వాని వలన త్రుప్పుపట్టి ఇరుసు చక్రపు కుండలో నతుకుకొనిపోయెను. నూనె పోసి ఒక రాత్రి విడిచిరి. ఉదయమున కుమారుడు క్రింద పరుండి సుత్తితో కొట్టుచుండగా, పదియవ దెబ్బకో పండ్రెండవ దెబ్బకో జాకీ ప్రక్కకు జారి పడెను. కారు అంగుళము దిగి, ఊతముపై నిలిచెను. అతడు మెల్లగా వెలుపలికి వచ్చి కూర్చుండెను. చాలసేపు ఇద్దరును మాటాడలేదు. తరువాత కోడలు కాఫీ తెచ్చెను.

మిగిలిన పని అంత కష్టము కాలేదు. కుండను బిగించిన కడ్డీ విప్పి దానిని వెలికి వంచి, పాత ఇరుసును లాగివేసిరి. క్రొత్తదానిని పెట్టెలోని నూనె బిళ్ల గాయపడకుండ చొప్పించి నెట్టగా, లోపలి తీగ చుట్టు 'టక్' మని గాడిలో కూర్చుండెను. ఆ చప్పుడు విని తండ్రి బాలునివలె నవ్వెను. కాని క్రొత్త ఇరుసు వంక చూచి, "దీని వాలును మునుపటిదే కదా?" అని యడిగెను.

కుమారుడు జవాబు చెప్పలేదు. మరుసటి వారము దిమ్మలు విప్పి, వాని స్థానమున ఒక అంగుళపువి బిగించెను. గనిదారులలో మిక్కిలి ఎగుడుదిగుడైనవి రెండు అతనికి ఇక దక్కవు.

ప్రయాణమునకు ముందు వృద్ధుడు పాత కీలును విప్పించి చూచెను. ఆరు గుండ్లలో ఐదు గరుకుబారి యుండెను. చెడని దానిని శుభ్రముగా తుడిచి మనుమని చేతికిచ్చెను. వాడు దానిని నేలపై దొర్లించి, వెంట పరుగెత్తెను.