రామేశ్వరానికి ఏ నెలలో పోవాలి?

"రామేశ్వరం ఎప్పుడు పోతే బాగుంటుందక్కా?" అని మన లైనిండ్ల ఆడవాళ్ళు నన్ను అడుగుతా ఉంటారు. నేను మూడుసార్లు పోయివచ్చిన దాన్ని కదా, అందుకని. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే పత్రికలో రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తా ఉన్నాను. నేను చదివింది అయిదో క్లాసు, నాకొచ్చిన మాటల్లోనే చెప్తాను.

మొదట తెలుసుకోవాల్సింది, రామేశ్వరం ఒక దీవి. నాలుగు పక్కలా సముద్రమే. మన కోలారు జిల్లా మెట్ట సీమ, సముద్రానికి దూరం. అందుకని మన వానల లెక్క అక్కడ పనికిరాదు. మనకు వాన బాగా పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. దీపావళి దాటితే వాన వెనకపడుతుంది, రాగి కోతలు వస్తాయి. ఇంక వాన పోయిందిలే, బయలుదేరుదాం అనుకుంటాం. రామేశ్వరంలో అసలు వానకాలం అప్పుడే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం గాలి బంగాళాఖాతం మీదినుంచి వాన తెచ్చి పోస్తుంది. నవంబరులో మరీ ఎక్కువ. తుఫాన్లు వచ్చేదీ ఆ నెలల్లోనే. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుఫానుకు ఆ దీవి కొసన ఉన్న ధనుష్కోటి ఊరు తెల్లారేసరికి లేకుండా పోయింది. పాంబన్ నుంచి అక్కడికి పోతా ఉన్న పాసింజరు రైలు మనుషులతో సహా అలల పాలైంది.

మన చిక్కేమంటే, మిల్లు వాళ్ళకు బోనసు చేతికొచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆయుధపూజకో దీపావళికో డబ్బు వస్తుంది, పిల్లలకు దసరా సెలవులు వస్తాయి. చేతిలో నాలుగు రూకలుండగానే పోయొస్తే సరి, లేకుంటే ఖర్చైపోతుందని భయం. అందుకే మనవాళ్ళు ఎక్కువమంది వానలోనే పోతారు.

మా వైండింగ్ ఖాతాలో రామనాథపురం పక్కనించి వచ్చిన ఒక తమిళామె ఉండేది. ఒక ఏడు బోనసు రాగానే మా షిఫ్టు ఆడవాళ్ళు పది పన్నెండుమంది కలిసి పోదామని మాట్లాడుకున్నారు. నేను మా అమ్మను తీసుకుపోవాలనుకున్నాను. మా నాయన చాంపియన్ రీఫ్ గనిలో పనిచేసి, ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి పోయినాడు. రామేశ్వరంలో ఆయనకు పిండం పెట్టాలని అమ్మకు ఎన్నో ఏండ్ల ఆశ. అప్పటికే అమ్మకు డెబ్బై దాటింది, ఆయాసం. ఆ తమిళామె నన్ను పక్కకు పిలిచి, "గుళ్ళో ఇరవైరెండు బావుల నీళ్ళు తలమీద పోస్తారు. ఒక్కో బావికీ తడిగుడ్డతోనే నడవాలి. ఈ వానలో ముసలామె తట్టుకోదు. తై నెల దాటనీ" అంది. నేను బోనసులో ఎనిమిది వందలు పోస్టాఫీసులో వేసి, మాఘమాసం దాకా ఆగినాను.

మాఘంలో పోతిమి. ఎండ ఉన్నా కాల్చలేదు. అగ్నితీర్థం దగ్గర సముద్రం చెరువు మాదిరి ఉండింది. అమ్మ నా భుజం పట్టుకుని ఇరవైరెండు బావులూ తిరిగింది, మధ్యలో రెండుసార్లు కూర్చుంది. తడిగుడ్డతో స్వామి దగ్గరికి పోనీరు, చీర మార్చుకోవాలి. తడిచీర ఎండలో పట్టుకుంటే గంటలో ఆరిపోయింది. మేము పోయింది అమావాస్య కాదు. తీర్థానికి వచ్చిన రోజే మంచిరోజు అని పురోహితుడు చెప్పి పిండం పెట్టించినాడు. ఆ తరవాతి వానకాలానికి అమ్మ లేదు.

మిగతా నెలలు కూడా చెప్తాను. ఏప్రిల్, మే నెలల్లో పిల్లల సెలవులకు ఒకసారి పోయినాను. ఉక్కపోత. చెప్పులు లేకుండా ఇసకలో అడుగు పెట్టలేం. చేపల వేట ఆపే కాలమది, పాంబన్‌లో పడవలన్నీ కట్టేసి ఉండె. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు పడే వాన అక్కడ పెద్దగా పడదు, పడమటి కొండలు ఆ మేఘాలను ఆపేస్తాయి. కానీ గాలి జాస్తి. అక్కడివాళ్ళు ఉత్తరం పక్క సముద్రాన్ని ఆడ సముద్రమని, దక్షిణం పక్క దాన్ని మగ సముద్రమని అంటారు. ఈ నెలల్లో మగ సముద్రం ఎగిరెగిరి పడుతుంది, ధనుష్కోటిలో ఇసక మొగానికి కొడుతుంది. ఆడి అమావాస్యకు జనం కూడా జాస్తి.

రైలు సంగతి. 1914 నాటి పాత పాంబన్ వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్ళు ఆపేసినారు. కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న మొదలైంది. ఇప్పుడు మళ్ళీ రైలు దీవి మీదికే పోతుంది. మూడోసారి నేను దాని మీదే పోయినాను. కానీ గాలి మరీ ఎక్కువైతే వంతెన మీద రైలును పోనీరు. వానకాలంలో పోయేవాళ్ళు ఒకరోజు ఖర్చు, ఒకరోజు లీవు అదనంగా చేతిలో పెట్టుకోవాలి.

గుర్తు పెట్టుకోవడానికి మన ఊరి లెక్క చెప్తాను. సంతలో అనపకాయలు అయిపోయి, శ్రీనివాసపురం మామిడితోటల్లో పూత పిందెగా మారతా ఉంటుంది చూడండి, జనవరి చివర నుంచి మార్చి మొదలు దాకా, అదే మంచికాలం. తై అమావాస్య, శివరాత్రి రోజులు తప్పిస్తే తోపులాట కూడా ఉండదు. బోనసు రాగానే టికెట్టు డబ్బులు విడిగా తీసి పెట్టండి. పిల్లల బడికి రెండురోజులు సెలవు అడగండి, పరీక్షల ముందు మాత్రం వద్దు.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇంకొక మాట. మంచికాలం కోసం మూడు నెలలు ఆగండి, పరవాలేదు. వచ్చే ఏడు చూద్దాం, ఆ పైఏడు చూద్దాం అని మాత్రం ఆగొద్దండి.